మామిడి చెరువు

రాయచూరు పట్టణంలోని పెద్ద చెరువును కన్నడంలో మావిన కెరె అంటారు. ఉర్దూలో అది ఆమ్ తలాబ్. తెలుగులో చెప్పుకుంటే మామిడి చెరువు. ఒక ఆదివారం ఉదయం ఆరవ తరగతి బాలిక ఒకతె తాతగారితో ఆ చెరువు గట్టుకు వెళ్లింది.

“తాతా, మామిడి చెట్లేవీ?” అని అడిగింది.

“నేను పుట్టేనాటికే పేరొక్కటే మిగిలిందమ్మా” అన్నాడాయన.

రాయచూరు కోట గోడలో సుమారు 41 అడుగుల పొడవైన రాతి పలక ఉంది. దానిపై 1294 నాటి శాసనం చెక్కి ఉంది. ఆ రాయిని చూడడానికి దూరప్రాంతాలవారు వస్తారు. చెరువును చూడవచ్చేవారు తక్కువే. అయితే జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర పారుతున్నా, ఈ ఎండల సీమలో వాన నీటిని పట్టి ఉంచి బావుల్లో ఊట నిలిపేది చెరువులే.

నీటి అంచున తెల్లకొంగలు కదలకుండా నిలబడి ఉన్నాయి. నీటికాకి ఒకటి మునిగి, చాలాసేపటికి ఎక్కడో తేలింది. ఊదా పూల మొక్కలు చూసి బాలిక ముచ్చటపడింది. అది గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నుండి పూల అందం కోసం తెచ్చిన ఈ మొక్క అనుకూలమైన చోట రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. నీటిపై చాపలా పరుచుకొని వెలుతురును అడ్డుతుంది. అడుగున ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. మురుగునీరే దానికి ఎరువు.

“ఈ కంపు భరించేకంటే పూడ్చేసి ఇళ్లు కట్టుకోవడం మేలు” అన్నాడు గట్టున నడిచే ఒక పెద్దమనిషి.

“పూడిస్తే వాన నీళ్లు ఎక్కడికి పోతాయయ్యా? మన ఇళ్లలోకే గదా!” అన్నాడు తాతగారు.

చెరువులను ఆక్రమించడం, వాటిలోకి మురుగు వదలడం తప్పని 2014లో కర్ణాటక ప్రభుత్వం చట్టమే చేసింది. చట్టం కాగితం మీద గట్టిగానే ఉంది.

బాలికకు మాత్రం వేరే సందేహం కలిగింది. “తాతా, మన వీధి కాలువ ఎక్కడికి పోతుంది?”

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ఇద్దరూ ఇంటికి వచ్చి, గుమ్మం ముందున్న కాలువ వెంట నడవసాగారు. అది మసీదు సందు దాటింది. కూరగాయల అంగళ్ల వెనుకగా పోయింది. ఒకచోట బండల కింద మాయమై మళ్లీ బయటపడింది. చివరికి నల్లని నీరు సన్నగా దిగుతున్న చోట వారు ఆగారు. ఎదురుగా అవే తెల్లకొంగలు ఉన్నాయి.