ఖాళీ గడి

పులివెందులలో ఉద్యోగంలో చేరి, జమ్మలమడుగులో పదవీ విరమణ చేసి, ప్రొద్దుటూరులో స్థిరపడిన తెలుగు పండితుణ్ణి. నా పాత మార్కుల పుస్తకాన్ని మొన్న ఎక్సెల్‌లోకి ఎక్కించాను. తరగతిలో 40 మంది. త్రైమాసిక, అర్ధసంవత్సర, వార్షిక పరీక్షలకు మార్కులు, హాజరు వెరసి 6 నిలువు వరుసలు. విద్యార్థికి పరీక్షకొకటి చొప్పున 120 అడ్డువరుసలుగా మార్చాలని నా కోరిక.

పవర్ క్వెరీలో ఆరింటినీ ఒక్కసారిగా 'అన్‌పివట్' చేస్తే మార్కులూ హాజరూ ఒకే వరుసలో కలగలిసిపోయాయి. శీర్షికను, పదం విడదీసినట్లు, పరీక్ష, అంశం అని రెండుగా విడగొట్టి, అంశాన్ని మాత్రం తిరిగి 'పివట్' చేయమన్నాడు మనవడు. చక్కగా కుదిరింది. కానీ వచ్చినవి 118.

తగ్గిన రెండూ ఒక్క పిల్లవే. త్రైమాసిక పరీక్ష తరువాత ఆమె బడి మానేసింది. ఖాళీ గడులను అన్‌పివట్ వదిలేస్తుందట. వ్యాకరణంలో జారిపోయిన వర్ణానికి సైతం 'లోపం' అనే పేరు మిగులుతుంది. ఈ పిల్లకు అదీ దక్కలేదు.

యంత్రాన్ని ఏమని నిందించను? ఆనాడు గడి ఖాళీగా వదిలినవాణ్ణి నేనే. ఎందుకు రావడం లేదమ్మా అని ఆ ఇంటి గడప తొక్కి అడగనివాణ్ణీ నేనే.

మళ్ళీ మొదటికి వెళ్ళి, ఖాళీలలో 'గైర్హాజరు' అని నింపి చేశాను. 120 వచ్చాయి.