హారతి పళ్లెంలో పైన్ చెట్టు

ఏమండీ, చందానగర్‌లో పాత చెక్కల దుకాణం ముందు నుంచి ఎప్పుడైనా నడిచారా? బండి మీద రయ్యిన వెళ్లడం కాదు, నడవడం! నిన్న సాయంత్రం ముంబై హైవే పక్క సందులోకి కూరలకని బయల్దేరి, ఒక వడ్రంగి దగ్గర నిలబడిపోయాను. పెట్టె చెక్కకు చిత్రిక పడుతున్నాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. ఆహా, ఆ వాసన! బెండకాయల సంగతే మరిచిపోయాను.

ఆ చెక్క ఎక్కడిదనుకున్నారు? హైటెక్ సిటీ వైపు విదేశాల నుంచి యంత్రాలు దిగుతాయా, వాటిని మోసుకొచ్చే పెట్టెలు చాలావరకు పైన్ చెక్కవే. ఈసారి చూడండి, పలక మీద గోధుమ కంకి ముద్ర, పక్కన హెచ్‌టీ అన్న అక్షరాలు ఉంటాయి. చెక్కను నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచారని దానర్థం. పురుగులు దేశాలు దాటకుండా ఆ కట్టుదిట్టం. యంత్రం ఆఫీసులోకి పోతుంది, పెట్టె మన వడ్రంగి చేతికొచ్చి చెప్పుల స్టాండవుతుంది. అంత వేడి తిని, అన్ని సముద్రాలు దాటి వచ్చినా, చిత్రిక తగలగానే లోపలి వాసన గుప్పుమంది!

ఆ వాసనలో పెద్ద వాటా పైనీన్‌ది. పది కార్బన్లు, పదహారు హైడ్రోజన్లు, ఇంకేం లేవు. తమాషా ఏమిటంటే, నారింజ తొక్క గిల్లితే చిమ్మే లిమొనీన్‌లోనూ సరిగ్గా అవే పది, అవే పదహారు. ఒకే పిండి, ఒకటి జంతిక, ఒకటి కారప్పూస. అల్లికే వేరు. ఈ టెర్పీన్ల కుటుంబంలో ఎవరు ఎవరో తేల్చిన జర్మన్ ఆటో వాలక్‌కు 1910లో నోబెల్ ఇచ్చారు. వాసనలు చూసుకుంటూ నోబెల్ దాకా వెళ్లాడు, ఎంత అదృష్టవంతుడో!

చెట్టు ఈ పైనీన్‌ను మన ముక్కు కోసం చేసుకోలేదు లెండి. గాటు పడితే అది కలిసిన బంక కార్చి, తొలిచే పురుగును ముంచేసి, పుండు మూసేస్తుంది. ఆ బంకను మనవాళ్లు పట్టి కాస్తారు. ఆవిరై చల్లబడింది టర్పెంటైన్. అడుగున మిగిలిన తేనెరంగు గడ్డ రోజిన్. పెయింట్ షాపులో ఇప్పుడు టర్పెంటాయిల్ అని అడిగితే ఎక్కువగా పెట్రోలియం సరుకే ఇస్తారు. దానికి ఈ వాసన ఎక్కడిదండీ!

అసలు మాట ఇప్పుడు చెబుతా, దగ్గరికి రండి. మీ హారతి కర్పూరం ఉందే, అది చాలావరకు పైన్ చెట్టు బిడ్డే. టర్పెంటైన్‌లోని పైనీన్‌ను ముందు క్యాంఫీన్‌గా మార్చి, ఇంకో రెండు మూడు మెట్లెక్కిస్తే కర్పూరం. పదీ పదహారూ అలాగే ఉంటాయి. కొత్తగా ఒక్క ఆక్సిజన్ చేరుతుంది, అంతే! పొద్దున్నే గంట కొట్టి మనం కళ్లకద్దుకునేది కొండల మీది చెట్టు బంకనన్నమాట. అలాగని దీన్నే పచ్చకర్పూరం అనుకుని పాయసంలో వేసేరు సుమా!

కర్పూరం మీద నాదొక ఫిర్యాదు. డబ్బా నిండా పోసి నెల తిరిగి చూస్తే సగం ఉండదు. కరగదు, ఒలకదు, గట్టిది గట్టిగానే గాల్లో కలిసిపోతుంది. హారతి కర్పూరంలా హరించుకుపోయిందని ఊరికే అన్నారా? మా అమ్మ అందులో నాలుగు మిరియాలు వేసేది. నేనూ వేస్తాను. మూత మాత్రం బిగించండి.

రోజిన్‌ను చిన్నచూపు చూడకండి. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ అంతటి వయొలిన్‌కైనా, కమానుకు రోజిన్ రుద్దకపోతే వెంట్రుకలు తీగ మీద జారిపోతాయి, నాదం పలకదు. రుద్దితే పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. అదే మనం విన్న రాగం! మన వీధిలో ఫోన్లు బాగుచేసే కుర్రాడు టంకం పెడుతుంటే లేచే సన్నటి పొగలోనూ తరచుగా ఉండేది ఇదే. అందులోని ఆమ్లాలు వేడికి రాగి మీది చిలుమును వదలగొడతాయి. త్యాగరాజ కీర్తనకూ పగిలిన ఫోన్‌కూ ఒకే బంక!

వెనిలా ఐస్‌క్రీమ్ తింటారా? 1874లో హార్మన్, టీమన్ అనే ఇద్దరు జర్మన్లు పైన్ లాంటి శంకువృక్షాల బెరడు కింది రసంలో దొరికే కోనిఫెరిన్ నుంచి ఆ వెనిలా వాసనిచ్చే వెనిలిన్ తయారుచేశారు. నార్వేలో ఇప్పటికీ స్ప్రూస్ చెక్క నుంచి తీస్తున్నారు. చెక్కను ముద్దుగా కప్పులో వేసుకు తినడమంటే ఇదే కదూ!

అన్నట్టు, వడ్రంగి ఆ పొట్టు ఊడ్చి పారేయబోతుంటే అడిగి సంచినిండా తెచ్చుకున్నాను. కూరల సంచే. బీరువాలో పట్టుచీరల పక్కన పలచటి గుడ్డలో మూటకట్టి పెట్టాను. తలుపు తీస్తే చాలు, అడవి! ఇదీ కర్పూరంలాగే పోయేదే. ఈ ఆదివారంలోపు వచ్చి వాసన చూసి వెళ్లండి. వస్తూ వస్తూ ఒక అరకిలో బెండకాయలు పట్టుకురండి.