మా పిల్ల నిక్కరేసుకుంది

పన్నెండేళ్ళు నిండాయో లేదో మమ్మల్ని ఆటలోంచి ఇంట్లోకి పిలిచేశారు. ఖోఖో ఆడే ఒంటిమీదికి దుపట్టా వచ్చింది. 'లోగ్ క్యా బోల్తే?' అన్న ఒక్కమాటతో మా పరుగు ఆగిపోయింది. మాలో ఎవరెంత వేగంగా పరిగెత్తగలరో ఎవరికీ తెలియకుండానే తల్లులమైపోయాం.

అందుకే 2022 మే 19న ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ 52 కిలోల విభాగంలో థాయిలాండ్ బాక్సర్ని 5-0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు మేం ఏడ్చాం. నిజం చెప్పాలంటే మా చూపు పతకం మీద కన్నా ముందు ఆమె నిక్కరు మీద ఆగింది. ఆ నిక్కరు వెనకాల ఎన్ని మాటలు పడి ఉంటారో మాకు తెలుసు.

పరుగు నేర్చుకోడానికి మైదానానికి వెళ్ళిన ఆ పిల్ల, అన్ని ఆటల్లో అమ్మాయిలున్నారు, బాక్సింగ్‌లో ఎందుకు లేరని తండ్రి జమీల్ అహ్మద్‌ని అడిగింది. ఆడవాళ్ళకి అంత బలం లేదనుకుంటారని ఆయన చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, గ్లవ్స్ తొడిగించాడు. దెబ్బలు తిని వచ్చిన కూతుర్ని చూసి తల్లి పర్వీన్ సుల్తానా, నిన్నెవరు చేసుకుంటారే అని ఏడ్చింది. పేరొస్తే పెళ్ళికొడుకులే వరస కడతారంది కూతురు. చుట్టాలు నిక్కరు గురించి సణిగారు. 2011లో టర్కీలోని అంటాల్యాలో ఆమె జూనియర్ ప్రపంచ పతకం గెలిచింది.

ఇదంతా చదివి, 'చూశారా, మీ సాయిబుల్లో ఆడవాళ్ళకి ఎన్ని కట్టుబాట్లో' అంటారు కొందరు. కాదనం. మా ఇంటి గడప ఎత్తు మాకు తెలుసు. కానీ గడపలు మా ఇళ్ళకే ఉన్నాయా?

ఇంగ్లండులో ఆడవాళ్ళ అమెచ్యూర్ బాక్సింగ్ మీద నిషేధం తీసేసింది 1996లో. జేన్ కౌచ్ అనే బాక్సర్ ప్రొఫెషనల్ లైసెన్స్ అడిగితే, నెలసరి ముందు ఆడవాళ్ళు నిలకడగా ఉండరని వాదించారు అక్కడి బోర్డు పెద్దలు. ఆమె ట్రిబ్యునల్‌కెక్కి 1998లో గెలిచింది. ఒలింపిక్స్‌లోకి బాక్సింగ్ 1904లో వస్తే, ఆడవాళ్ళకు పతకాల పోటీ పెట్టింది 2012లో, లండన్‌లో. నూట ఎనిమిదేళ్ళు! మగవాళ్ళకి పది విభాగాలిచ్చి, ఆడవాళ్ళకి మూడంటే మూడే ఇచ్చారు. మొదటి స్వర్ణం నికోలా ఆడమ్స్‌ది. మన మణిపూర్ మేరీ కోమ్‌కి కాంస్యం. 2001లో అమెరికాలో జరిగిన మొట్టమొదటి మహిళా ప్రపంచ పోటీల్లోనే రజతం తెచ్చిన మేరీ, ఒలింపిక్ గుమ్మం తెరుచుకోడానికి పదకొండేళ్ళు కాచుకుంది.

ఆ గుమ్మం తెరిచే ముందు ఇంకో ముచ్చట. ఆడా మగా తేడా తెలియాలి, స్కర్టులు వేసుకోండని 2011లో అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం అంది. గొడవయ్యాక 2012లో, ఇష్టమైతేనే వేసుకోండని సర్దుకుంది. 2016లో అమెరికాలో పదహారేళ్ళ ముస్లిం పిల్లని హిజాబ్ వేసుకుందని పోటీలోంచి తప్పించారు. ఆడకుండానే గెలిచిన అవతలి పిల్ల, ఇది అన్యాయమని తన బెల్టు తెచ్చి ఈమె చేతిలో పెట్టింది. ఆ ఇద్దరు పిల్లలకున్న బుద్ధి పెద్దలకి రావడానికి 2019 దాకా పట్టింది. ఆ ఏడు హిజాబ్‌ని అనుమతించారు.

ఒకరు నిక్కరు వద్దంటారు. ఒకరు స్కర్టు వెయ్యమంటారు. ఒకరు హిజాబ్ తియ్యమంటారు. మా ఒంటిమీద గుడ్డ గురించి ఇందరికి ఇన్ని అభిప్రాయాలు! మా పిడికిలి గురించి అడిగినవాళ్ళెవరు?

2019లో ఒలింపిక్ అర్హత పోటీలకి ట్రయల్ పెట్టకుండా మేరీ కోమ్‌నే పంపుతారన్నప్పుడు నిఖత్ క్రీడామంత్రికి ఉత్తరం రాసింది. నన్ను పంపండని కాదు, ట్రయల్ పెట్టండని. పెట్టారు. 9-1తో ఓడింది. ఓడి, మళ్ళీ సాధన చేసి, 2022లోనూ 2023లోనూ ప్రపంచాన్ని గెలిచింది.

ముస్లిం అని వినగానే మాకు ఇల్లు అద్దెకివ్వని వీధిలోనే 2022లో మిఠాయిలు పంచారు. మేమూ తిన్నాం, తియ్యగానే ఉంది. 2024 పారిస్‌లో ఆమె ప్రిక్వార్టర్స్‌లో చైనా బాక్సర్ చేతిలో ఓడినప్పుడు ఆ వీధి మాట్లాడలేదు. గెలిస్తే దేశం బిడ్డ. ఓడితే? మా పిల్లలకి దేశం బిడ్డలు కావడానికి పతకం కావాలా?

నేను ఒక మతం తరఫున కాదు, దేశం తరఫున ఆడుతున్నానని నిఖత్ అంది. ఆ మాట ఆమె హక్కు. ఆమెని మా జెండాగా ఎగరెయ్యం. ఆమె దగ్గర్నుంచి మేం తీసుకునేది ఒక్కటే, ఆ ఉత్తరం. గెలిపించమని మేమూ అడగడం లేదు. దయ చూపమనీ అడగడం లేదు. ట్రయల్ పెట్టండి. మొహల్లాలో మా పెద్దల్నీ అదే అడుగుతున్నాం. అద్దె ఇళ్ళ వాకిళ్ళ ముందు నిలబడీ అదే అడుగుతున్నాం.

మొన్న మా ఇంట్లో పదేళ్ళది బడినుంచి వచ్చి, నేనూ నిక్కరేసుకుని ఆడతానంది. 'లోగ్ క్యా బోల్తే' అన్నమాట మా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాం.