శ్రీనివాసపురంలో మామిడి బండి

జూన్ నెలలో కోలారు జిల్లా శ్రీనివాసపురం వెళ్తే ఊరికంటే ముందు మామిడి వాసనే మనల్ని పలకరిస్తుంది. కన్నడనాడే అయినా మార్కెట్టు బేరాల్లో మన తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. తోతాపురి, బాదామి, రసపురి, నీలం కాయలతో బండ్లు బారులు తీరి ఉంటాయి.

కాయ కోతకొచ్చేదీ, వాన పడేదీ ఒకే రోజుల్లో. తోటబాటలో బండి దిగబడితే మార్కెట్టు చేరేలోగా ధర పడిపోవచ్చు. అందుకే మా బావ తన పికప్పును ఎత్తు చేయించి, పెద్ద టైర్లు వేయించాలనుకున్నాడు. తోలేది మా మేనల్లుడు. నేనూ వెంట వెళ్లాను.

మేస్త్రీ నవ్వాడు. "సామీ, కమాను పట్టీలు పెంచితే లేచేది బాడీనే. ఇరుసు మధ్యనుండే గేర్ల గుండును రాళ్లకు తగలకుండా లేపేది టైరొక్కటే. టైరు రెండంగుళాలు పెద్దదైతే బండి లేచేది ఒకే అంగుళం. పైగా ఎక్కుడులో క్లచ్చికి భారం. మీటరు చూపేదానికన్నా అసలు వేగం ఎక్కువ. ఎత్తు బండిలో నిండుగా క్రేట్లు పేరిస్తే మలుపులో ఒరగదా? తోలేది మీ పిల్లోడే కదా!"

చట్టమూ ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషనులోని తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది.

బావ కాసేపు మౌనంగా ఉండి, పాత కొలతలోనే లోతైన గాడులున్న టైర్లు వేయించాడు. మిగిలిన డబ్బుతో తోటబాట గుంతల్లో కంకర పోయించాడు.

బండిని ఎత్తు చేయడంకన్నా బాటను ఎత్తు చేసుకోవడమే మేలని ఆ రోజు తెలిసింది!