ముందుగా అడిగే మనిషి

హనుమకొండలో కాకతీయ యూనివర్సిటీ వైపు వెళ్లినప్పుడల్లా నా మనసు హాస్టళ్ల మీదికే పోతుంది. 1976లో పుట్టిన ఆ యూనివర్సిటీకీ, 1959లో ఆర్‌ఈసీగా మొదలై 2002లో ఎన్‌ఐటీ అయిన కాలేజీకీ ఎన్నో పల్లెల పిల్లలు వస్తారు. తెలుగు మీడియంలో ఫస్టు వచ్చిన అమ్మాయి ఇక్కడ ఇంగ్లిష్ పాఠాల ముందు మూగబోతుంది. ఒక్క బ్యాక్‌లాగ్ పడితే ఇంటికి ఫోన్ చేయడానికే జంకుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే సర్టిఫికెట్ల బెంగ తోడవుతుంది.

ఈ మానసిక ఒత్తిడిని బలహీనత అనడం అన్యాయం. విశాఖలో ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది, అంతకు పైగా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416 రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులో పలుకుతుంది. అది ప్రతి హాస్టల్ గోడ మీదా కనిపించాలి.

కానీ నంబరు కన్నా ముందు మనిషి కావాలి. ‘తిన్నవా బిడ్డా? నిద్ర పడుతున్నదా?’ అని అడిగే వార్డెన్ కావాలి. హాజరు తగ్గితే జరిమానా వేసేముందు కారణం కనుక్కునే లెక్చరర్ కావాలి. సీటు ఇచ్చినంత మాత్రాన మన బాధ్యత తీరదు. పిల్లల మనసు బాగు చూసుకోవడమూ చదువు చెప్పడంలో భాగమే.