నెత్తిమీది బోర్డు

కొట్టు బోర్డును అందరికంటే తక్కువగా చూసేది ఆ కొట్టు యజమానే. పొద్దున్నే వచ్చి, వంగి షట్టరు తాళం తీసి, పైకి తోసి, దాని కిందనుంచే లోపలికి వెళ్లిపోతాడు. రాత్రి మళ్లీ వంగి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుని, బండెక్కి ఇంటికి పోతాడు. బోర్డు కనబడాలంటే రోడ్డు దాటి అవతల నిలబడాలి. అవతల ఆయనకేం పని? అక్కడున్నది పోటీ కొట్టు. అందుకే బోర్డు సంగతి ఆయనకు ఎప్పుడూ పరాయివాళ్లే చెప్పాలి. "మీరు కొట్టు తీసేశారనుకున్నానండీ" అని ఏ పాత ఖాతాదారో అన్న రోజున ఉలిక్కిపడి రోడ్డు దాటతాడు.

దాటి చూస్తే ముందు కంటికి ఆనేది రంగు. ఫ్లెక్సీ అచ్చులో వాడే సిరాలు మూలంగా నాలుగు: నీలం, గులాబీ, పసుపు, నలుపు. ఎండకు ముందు ఓడిపోయేవి గులాబీ, పసుపు. మిగిలేవి నీలం, నలుపు. రెండు వేసవులు చూసిన మిఠాయి కొట్టు బోర్డు మీద జిలేబీ నీలంగా మెలికలు తిరిగి ఉంటుంది. టమాటాలు వంకాయలవుతాయి. ఒక మూల వేసిన దేవుడు ఏ దేవుడైనా కొన్నాళ్లకు కృష్ణుడైపోతాడు. పడమటి ముఖం కొట్లకు ఈ అవస్థ మరీ తొందరగా వస్తుంది, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండ నేరుగా మొహం మీదే కనుక.

అయినా రంగు వెలిసిందని కంగారు పడి ఫ్లెక్సీ కొట్టుకు పరుగెత్తడం నాకు పెద్ద తెలివిగా తోచదు. పేరు చదవడానికి వస్తున్నంతకాలం వెలిసిన బోర్డు వల్ల పోయేది కాస్త దర్జా. బోర్డులో అసలు పాడయ్యేవి కళ్లకు కనబడని చోట ఉంటాయి. వెనకాల ఫ్రేము, గోడలోకి దిగిన బోల్టులు, లోపల పాములా మెలితిరిగిన వైర్లు. వీటిని చూడాలంటే నిచ్చెన కావాలి, నిచ్చెన ఎక్కేవాడు కావాలి, వాడికి చెప్పే ఓపిక కావాలి.

రేకు బోర్డుల కాలంలో ఈ చూడటమనేది దానంతట అదే జరిగేది. అక్షరాలు మాసిపోతే ఆర్టిస్టు వచ్చేవాడు. తీరిగ్గా రాయాలంటే బోర్డు కిందికి దిగాలి. దిగాలంటే నట్లు విప్పాలి. విప్పబోతే సగం నట్లు తుప్పు పొడిగా చేతిలోకి రాలేవి. అప్పుడు ఇలాంటి సంభాషణ నడిచేది:

"అక్షరం ఇంకో రెండేళ్లు ఆగుద్దండి షావుకారు గారూ. వెనకాల చెక్కే ఆగదు."

"చెక్కెవడు చూస్తాడయ్యా? నువ్వు పేరు బాగా రాయి."

"పేరు ఎవడి నెత్తినా పడదండి. చెక్క పడుద్ది."

షావుకారు సణుక్కుంటూనే చెక్క మార్పించేవాడు. రేకును గరుకు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరబెట్టి, ఎనామిల్ రెండు కోటింగులు వేసి, సుద్దముక్కతో గీతలు గీసుకుని, అప్పుడు బ్రష్షు పట్టేవాడు ఆర్టిస్టు. కింద కుడి మూలన చిన్నక్షరాలతో తన పేరు, పక్కన "ఆర్ట్స్". రాయడమనే పనిలోనే మరమ్మతు కలిసి ఉండేది.

ఫ్లెక్సీ వచ్చి ఈ రెంటినీ విడగొట్టింది. చదరపు అడుగుకు ఇంత అని లెక్క; ఆర్టిస్టు కూలితో పోలిస్తే ఏ మూలకూ రాదు. సాయంత్రం అచ్చవుతుంది, మర్నాడు కుర్రాడొకడు నిచ్చెన వేసుకుని వచ్చి, పాతదాని మీదే కొత్తది లాగి బిగించి, టీ చల్లారేలోపు దిగిపోతాడు. నట్టు విప్పిన పాపాన పోడు. ఏ పాత కొట్టు బోర్డో ఊడదీస్తే పొరలు పొరలుగా చరిత్ర బయటపడుతుంది: అడుగున ప్రారంభోత్సవం, దానిమీద సంక్రాంతి తగ్గింపు, దానిమీద "నూతన యాజమాన్యం", అన్నిటికీ పైన ఏ సిమెంటు కంపెనీయో ఉచితంగా ఇచ్చిన బోర్డు, అందులో కంపెనీ పేరు బారెడు, కొట్టు పేరు బెత్తెడు. ఇన్ని తొడుగులు మోసిన ఇనప ఫ్రేము మాత్రం మొదటి రోజుదే. మార్చనక్కర్లేనిదాన్ని ఏడాదికోసారి మారుస్తున్నాం, బాగు చేయించాల్సినదాన్ని పదిహేనేళ్లుగా ముట్టుకోవడం లేదు.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ నిర్లక్ష్యం త్వరగా బయటపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదికొచ్చినప్పుడు గాలి గంటకు 170 కిలోమీటర్లు దాటింది. అంత గాలికి గట్టి బోర్డులే నిలవలేదు, నిజమే. కానీ ఊడిపడే బోర్డు తుఫాను దాకా ఆగాలని లేదు. వేసవి చివర వచ్చే ఈదురుగాలి చాలు. ముంబయి ఘాట్కోపర్‌లో 2024 మే 13న కూలిన హోర్డింగు కింద 17 మంది పోయారు. అది కొట్టు బోర్డు కాదు, 120 అడుగుల రాక్షసి. అయినా ఆ వేళ వచ్చింది తుఫాను కాదు, వానకాలానికి ముందు వచ్చే గాలివానే.

కాబట్టి చూడాల్సినవి చూడండి. బోల్టు దగ్గర మొదలై గోడ మీద కిందికి జారిన గోధుమరంగు చారలు కనిపిస్తే లోపలికి నీళ్లు దిగుతున్నాయన్నమాట. గాలి వీచినప్పుడు టపటపమంటే బోర్డు ముఖానికి వేసిన ఏసీపీ (అల్యూమినియం) షీటు మూలల్లో సిలికాన్ ఎండి వదిలేసిందన్నమాట. షీటు ఊడితే మళ్లీ అంటించుకోవచ్చు, బోల్టు వదులైతే కొత్తది బిగించుకోవచ్చు. ఫ్రేము గొట్టాన్ని స్క్రూడ్రైవరుతో పొడిస్తే మొన లోపలికి దిగిందా, ఇక బేరాల్లేవు, మొత్తం దించాల్సిందే. తుప్పు మీద వెల్డింగు నిలవదు. పక్కనున్న మంచి ఇనుమును కూడా కాల్చి పోతుంది.

కరెంటు సంగతి వేరు. భోజన హోటలు బోర్డులో మొదటి అక్షరం ఆరిపోయి రాత్రిపూట "జనం సిద్ధం" అని వెలుగుతుంటే దారినపోయేవాళ్లు నవ్వుకుంటారు. ఇది చాలాసార్లు చిన్న రోగమే. జాయింటు వదులై ఉంటుంది, లేదా ఎల్‌ఈడీలకు కరెంటిచ్చే డబ్బాలోకి నీళ్లు పోయి ఉంటాయి. అది మారిస్తే సరిపోతుంది. చిక్కు ఎక్కడంటే, నాలుగేళ్ల పాత అక్షరాల మధ్య ఒక్క అక్షరానికి కొత్త బల్బులు పెడితే అదొక్కటే కొత్తల్లుడిలా మెరుస్తుంది, మిగతావన్నీ నీరసంగా కనిపిస్తాయి. పెయింటు బోర్డుకు అతుకు రంగు వేసినా ఇదే వరస. మరమ్మతే దూరం నుంచి కనబడుతోందంటే ఆ బోర్డు కాలం అయిపోయినట్టే. షాకు మాత్రం నవ్వులాట కాదు. వానలో షట్టరు ముట్టుకుంటే చురుక్కుమన్నదని ఎవరైనా అంటే, ఆ రాత్రికి స్విచ్చి ఆపి, మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు చూపించుకోవాలి. బోర్డు సంగతి ఆ తర్వాత.

ఇవన్నీ చెప్పినా మా వ్యాపారస్తుల దగ్గర ఒక సమాధానం ఉంటుంది: "ఇది కలిసొచ్చిన బోర్డండీ." దాని కింద కూర్చున్నాకే ఇల్లు కట్టాడు, పిల్ల పెళ్లి చేశాడు. ఈ నమ్మకంతో వాదించను. ఇలాంటివాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే: రేకు అదే ఉంచుకోండి, ఎముకలు మార్పించండి. కలిసొచ్చింది పేరే గాని, తుప్పు కాదు గదా!

బోర్డు చెక్కుచెదరకుండా ఉండి, లోకమే మారిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2014 జూన్ 2 తర్వాత తెలంగాణలో ఎన్ని బోర్డుల మీద "ఆం.ప్ర." పైన రంగు పడిందో! 2017 జులైలో జీఎస్టీ వచ్చింది, గుమ్మం దగ్గరి పేరు బోర్డు మీద ఆ నంబరు కనబడాలన్నారు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఏలూరు కొట్లన్నీ ఉన్నచోటనే ఉండి పశ్చిమ గోదావరి జిల్లా దాటిపోయాయి. వీటికి స్టిక్కరు ముక్క చాలు. ఇంకా ఆ మాటకొస్తే అదీ అక్కర్లేదు. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరమైంది, పాత పేరు బోర్డు చూసి దారి తప్పినవాణ్ణి నేనెరగను. 1953లో హైదరాబాద్‌లో మొదలైన కరాచీ బేకరీది మరో కథ: 2019 ఫిబ్రవరిలో బెంగళూరులోని దాని కొట్టు బోర్డు మీద "కరాచీ" మాటను కొంతకాలం గుడ్డతో కప్పాల్సి వచ్చింది. దానికి ఏ వెల్డరూ మందు చెప్పలేడు.

దించిన పాత ఇనుము కిలోల లెక్కన తూకానికి పోతుంది. ఫ్లెక్సీ మాత్రం అంత సులువుగా చావదు. 2022 ఆగస్టులో విశాఖలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలకు నిషేధం ప్రకటించింది గాని, పల్లెల్లో దాని రెండో జన్మ మీద ఏ ప్రకటనా పనిచేయలేదు. కళ్లంలో ధాన్యం రాశి మీద, గడ్డివాము మీద, బడ్డీకొట్టు చూరు కింద అది ఇంకో పదేళ్లు బతుకుతుంది. మా ఊరి పొలిమేరలో ఒక గేదెల పాక కప్పు మీద "ఏసీ హాలు కలదు, ఫ్యామిలీలకు ప్రత్యేక గదులు" అని ఇప్పటికీ చదువుకోవచ్చు.