తెల్లచీర కట్టుకు రమ్మన్నారు

వదినగారూ, ఆ కరివేపాకు రెబ్బ ఇలా ఇచ్చి కాస్త నిలబడండి. అమ్మాయి ఫోటోలు పంపింది, చూద్దురుగాని. ఇదిగో, చీకట్లో నీలంగా వెలిగిపోతోందే, ఆ చీర నాది. అందులో ఉన్నది నేనే!

మొన్న ఫిబ్రవరిలో అమెరికాలో, ఆల్బనీలో అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు అమ్మాయీ అల్లుడూ శనాదివారాలు చూసుకుని ఉత్తరంగా కొండల్లోకి తీసుకెళ్లారు. సారనాక్ లేక్ అని చిన్న ఊరు, ఐదు వేలమంది ఉంటారేమో. 1897లో మొదలైందట అక్కడి చలికాలపు కార్నివాల్. ఊళ్లోవాళ్లే గడ్డకట్టిన చెరువులోంచి మంచుదిమ్మలు కోసి, తడిమంచును అడుసులా మెత్తి, కోట కడతారు. కూలీ నాలీ లేదు, ఎవరికి వాళ్లు వచ్చి చెయ్యేస్తారు. ఆడవాళ్లకి పెనం విసిరే పోటీ కూడా ఉంది!

ఆ ఊరికి పేరు తెచ్చింది క్షయ రోగం. ట్రూడో అనే డాక్టరుకి తనకే క్షయ వస్తే, ఆ కొండగాలికి తేరుకుని, 1880లలో అక్కడ శానిటోరియం పెట్టాడు. మందుల్లేని రోజులు. రోగులు ఎముకలు కొరికే చలిలో దుప్పట్లు కప్పుకుని వరండాల్లో పడుకునేవాళ్లు, అదే వైద్యం. ఆ వరండాల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మా మేనత్త నెలల తరబడి ఉండి వచ్చింది కదా, ఆ ఇళ్ల ముందు నడుస్తుంటే ఆవిడే గుర్తొచ్చింది. తెమలని చలికాలంలో మనుషులకి కాస్త ఉత్సాహం ఇవ్వడానికే ఈ సంబరం పెట్టుకున్నారంటే ఆ ఊరి మీద గౌరవం పుట్టింది నాకు.

శనివారం రాత్రి ఓ హాల్లో కుర్రాళ్లు డాన్సు పెట్టారు. తెల్లబట్టలు వేసుకు రమ్మన్నారు. లోపల మామూలు దీపాలన్నీ ఆర్పేసి బ్లాక్‌లైట్ ట్యూబులు మాత్రం ఉంచారు. అన్నయ్యగారి బ్యాంకులో నోట్లు పరీక్షించే ఊదారంగు దీపం ఉండేది చూడండి, ఆ జాతిదే. అందులోంచి వచ్చేది అతినీలలోహిత కాంతి, మన కంటికి ఆనదు. కొన్ని పదార్థాలు దాన్ని పీల్చుకుని, కంటికి కనిపించే వెలుగుగా వదులుతాయి. బళ్లో ఈ పాఠం చెప్పినన్నాళ్లూ బోర్డు మీద బాణాలు గీసి చూపించాను. ఆ రాత్రి పాఠం నా ఒంటిమీదికే వచ్చింది! బట్టల సబ్బుపొడిలో తెల్లదనం కోసం ఓ రసాయనం కలుపుతారు, మనం పంచెలకి పెట్టిన టినోపాల్ లాంటిది. అమ్మాయి మెషీన్లో ఉతికిన నా నేతచీర ఒక్కసారి భగ్గుమంది. నల్లచొక్కా వేసుకున్న అల్లుడు మాయమైపోయి, నవ్వినప్పుడు పళ్లు కనిపించాయంతే. గ్లాసులో టానిక్ వాటర్ కూడా నీలంగా వెలుగుతుంది, అందులో క్వినైన్ ఉంటుంది కనక.

ఈ దీపాల కింద మిరుమిట్లు గొలిపే రంగుల కథ కూడా బావుంటుంది. 1930లలో కాలిఫోర్నియాలో స్విట్జర్ అన్నదమ్ములని ఇద్దరు. ఒకడికి దెబ్బ తగిలి చూపు దెబ్బతింటే చీకటిగదిలో ఉండమన్నారట. రెండోవాడికి ఇంద్రజాలం సరదా. ఇద్దరూ వాళ్ల నాన్న మందుల కొట్లో ఈ దీపం పట్టుకుని, ఏ సీసా వెలుగుతుందా అని వెతికారు. డే-గ్లో రంగులు అలా పుట్టాయి.

కళ్లకి మంచిది కాదేమో అంటారా? నీళ్ల ఫిల్టర్లో క్రిముల్ని చంపే దీపం వేరు, దాని వైపు అసలు చూడకూడదు. డాన్సులకి పెట్టేది అంత తీవ్రమైంది కాదు, ట్యూబునే గుచ్చి చూడకుండా ఉంటే చాలు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఆ డాన్సు హాల్లో ముఖాలు తెలియవు. ఎవరికి ఎన్నేళ్లో, ఎవరు లావో ఎవరికీ పట్టదు. కొంగులు, చేతులు, బూట్ల తాళ్లు, అవే కదులుతుంటాయి. పెళ్లయ్యాక మనం మనసారా ఆడిందెప్పుడు చెప్పండి? సంగీత్‌లో పిల్లలు లాగితే రెండడుగులు వేసి, ఫోను ఎవరు పట్టుకున్నారా అని చూసుకుంటాం. అక్కడ నాకా బెంగ లేదు. చిన్నప్పటి కోలాటం అడుగు దానంతటదే వచ్చేసింది. పక్కన తెల్ల స్వెట్టరావిడ, గొంతుని బట్టి నా ఈడుదే అనుకుంటా, రెండు చుట్లలో ఆ అడుగు పట్టేసింది. కాసేపటికి గుండ్రంగా పెద్ద గుంపే అయింది. ఒళ్లంతా చెమట, బయటేమో మంచు. అంత సంతోషం ఈ మధ్య ఎరగను వదినగారూ.

సంక్రాంతికి మన కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్లకి ఇలాగే కోలాటం పెడదామండీ. కిటికీలకి నల్లగుడ్డ కట్టి, కర్రలకి మెరిసే టేపు చుడదాం. ఫోన్లు గుమ్మం బయటే. మీ మోకాళ్లకి కుర్చీ వేయిస్తాను, కూర్చునే కర్రలు వెయ్యండి. ప్రెసిడెంటుగారి ఆవిడకి మీరు చెబితే కాదనదు. ట్యూబుల సంగతి నాకు వదిలెయ్యండి.